చదవడం రాని కేటీ పెట్టిన బడి

ప్రశ్న: అమెరికా తొలినాళ్ళలో దానధర్మాలకు పేరుపడిన స్త్రీలందరూ కలవారి ఇంటి ఆడవారేనా? ఆస్తిపాస్తులు లేకుండానే పరులకు మేలు చేసినవారు ఎవరైనా ఉన్నారా?
— ఒక పాఠకురాలు

జవాబు: ఉన్నారు. న్యూయార్క్ నగరంలో పెళ్ళిళ్ళకూ విందులకూ కేకులు చేసి అమ్ముకొని బతికిన కేథరిన్ ఫెర్గూసన్ గురించి మీరు తప్పక తెలుసుకోవాలి. అందరూ కేటీ అని పిలిచే ఆమె పుట్టుకతోనే బానిస. తల్లిని వర్జీనియా నుంచి న్యూయార్క్‌కు తరలిస్తుండగా ఓడలోనే పుట్టారు. కేటీకి ఏడెనిమిదేళ్ళ వయసున్నప్పుడు ఆమె తల్లిని యజమాని వేరొకరికి అమ్మివేశాడు. ఆ తల్లీబిడ్డలు మళ్ళీ కలుసుకోలేదు. కేటీ విడుదలకు కట్టిన వెల 200 డాలర్లు. అందులో సగాన్ని ఆమె పదకొండు నెలల చాకిరీతో తీర్చగా, తక్కిన సగాన్ని డివీ బెథూన్ అనే వర్తకుడు సమకూర్చారు. తరువాత పెళ్ళయింది, ఇద్దరు బిడ్డలు కలిగారు, ఇద్దరూ పసితనంలోనే పోయారు.

తల్లినీ బిడ్డలనూ పోగొట్టుకున్న ఆమె, దిక్కులేని పిల్లలనూ, కన్నవారు సాకలేని పిల్లలనూ తన ఇంటికి తెచ్చుకొని పెంచి, మంచి చోట కుదిర్చేవారు. అలా ఆమె చేతుల మీదుగా 48 మంది పిల్లలు ఒక దారికి వచ్చారు. వారిలో 20 మంది తెల్లవారి బిడ్డలన్న సంగతి నన్ను ఎక్కువగా కదిలిస్తుంది, ఎందుకంటే ఆ రాష్ట్రంలో బానిసత్వం 1827 జూలై 4న గాని రద్దు కాలేదు.

వాడలోని పేద పిల్లలను ఆదివారాలు ఇంట్లో కూర్చోబెట్టి ఆమె బైబిలు వాక్యాలు నేర్పేవారు. ఆమెకు చదవడం రాదు. విని కంఠస్థం చేసినవే పిల్లలకు చెప్పేవారు, చదివి వినిపించడానికి ఇతరులను పిలుచుకొనేవారు. ఒక ఆదివారం పాస్టర్ జాన్ మేసన్ ఆ ఇంటికి వచ్చి, గదినిండా కూర్చున్న పిల్లలను చూసి, ఇదేమిటని అడిగి తెలుసుకొని, బడిని తన చర్చి ఉపన్యాస గదికి మార్పించారు. సహాయకులను కూడా ఆయనే ఏర్పాటు చేశారు. నగరంలోని తొలి సండే స్కూళ్ళలో దానినీ చెప్పుకుంటారు.

1854లో కలరా సోకి ఆమె మరణించారు. 1920లో న్యూయార్క్‌లో పెళ్ళికాని తల్లుల కోసం నెలకొల్పిన ఆశ్రయానికి ఆమె పేరే పెట్టారు.