హెగ్గోడు నాటకసంఘం చరిత్ర రాయబోతున్న యువ రచయితకు

చిరంజీవికి,

ఆశీస్సులు. కర్ణాటకలోని హెగ్గోడు నాటకసంఘం నీనాసం మీద తెలుగులో పుస్తకం రాయాలన్న నీ సంకల్పం నాకెంతో సంతోషం కలిగించింది. నువ్వు పంపిన మొదటి అధ్యాయాన్నీ, తక్కిన అధ్యాయాల ప్రణాళికనూ శ్రద్ధగా చదివాను. నీకు భాష మీద పట్టు ఉంది, తేదీలు సరిచూసుకునే ఓపికా ఉంది. అయితే ఈ ప్రణాళిక ప్రకారం సాగితే పుస్తకంలో సగానికి పైగా ఆడిన నాటకాల పట్టికలూ, దర్శకుల పేర్లూ, వచ్చిన పురస్కారాలూ నిండిపోతాయి. మన నాటక సమాజాల రజతోత్సవ, స్వర్ణోత్సవ సంచికలు చాలావరకు ఇలాగే ఉంటాయి. వాటిని ఆమూలాగ్రం చదివినా ఆ సమాజం అన్నేళ్లు ఎలా నిలిచిందో, ఎందుకు చతికిలబడిందో తెలియదు. లాభాపేక్ష లేని నాటకసంస్థ చరిత్ర రాసేవారు అన్నిటికన్నా ముందు తేల్చవలసింది ఒకటుంది: ఒక ప్రదర్శన ముగిశాక తరవాతి ప్రదర్శనకు డబ్బు ఎవరిచ్చారు, పని ఎవరు చేశారు, చూడటానికి ఎవరు వచ్చారు? ప్రతి అధ్యాయంలోనూ దీనికి జవాబు దొరకాలి.

మొదటి అధ్యాయంలో నీనాసం వ్యవస్థాపకుడు కె.వి. సుబ్బణ్ణ తప్ప మరొకరు కనిపించడం లేదు. ఆయన గొప్పతనం గురించి నాకు రెండో అభిప్రాయం లేదు. మైసూరులో కన్నడ మహాకవి కువెంపు దగ్గర చదువుకున్నవాడు, నగరంలో స్థిరపడే అవకాశం ఉన్నా సొంత పల్లెకు తిరిగివచ్చి, 1957లో అక్షర ప్రకాశన అనే ప్రచురణ సంస్థ స్థాపించి, 2005లో కన్నుమూసే దాకా అక్కడే ఉండి పనిచేశాడంటే అది సామాన్యమైన నిష్ఠ కాదు. కానీ శివమొగ్గ జిల్లా సాగర తాలూకాలోని హెగ్గోడులో 1949లో శ్రీ నీలకంఠేశ్వర నాట్యసేవా సంఘం (పొట్టిగా నీనాసం) మొదలైనప్పుడు ఆయన వయసు 17 ఏళ్లే. ఊరి దేవుడి పేరు పెట్టుకుని, వక్కతోటల రైతులు తీరిక వేళల్లో నాటకం వేసుకోవడానికి ఏర్పరచుకున్న సంఘమది. పగలు తోటపని చేసుకుని సాయంత్రం రిహార్సలుకు వచ్చినవాళ్లూ, వేదికకు కర్రలు మోసినవాళ్లూ, వచ్చినవాళ్లకు వండిపెట్టిన ఆడవాళ్లూ నీ పుస్తకంలోకి రావాలి. వాళ్లను వదిలేసి రాస్తే సుబ్బణ్ణ మహిమ గల పురుషుడిగా మిగులుతారే తప్ప, ఒక ఊరు ఆయనతో కలిసి చేసిన పని ఏమిటో పాఠకుడికి తెలియదు.

ఇక ఎదుగుదల విషయం. నువ్వు సంవత్సరాలను వరసగా పేర్చావు: 1972లో శివరామ కారంత రంగమందిరం, 1973లో మంచి సినిమాలు చూపించే చిత్రసమాజం, 1980లో రంగశిక్షణ కేంద్రం, 1985లో తిరుగాట అనే సంచార నాటక బృందం. తేదీలన్నీ సరైనవే. కానీ ఆ వరసలో ఉన్న విశేషాన్ని నువ్వు పైకి తీయలేదు. సాధారణంగా మన దగ్గర నాటకం బతకాలని ఎవరికైనా అనిపిస్తే ముందు నటులకు శిక్షణ శిబిరం పెడతారు. శిబిరంలో తయారైన వాళ్లు ఒకటి రెండు నాటకాలు ఆడాక, చూసేవాళ్లు లేక, సినిమాల వైపో ఉద్యోగాల వైపో వెళ్లిపోతారు. హెగ్గోడులో శిక్షణ కేంద్రం వచ్చేసరికి సంఘానికి 31 ఏళ్లు నిండాయి. ఈలోగా ఏటేటా నాటకాలు చూసిన ప్రేక్షకులు రెండు తరాల వాళ్లున్నారు, సొంత రంగస్థలం ఉంది, ప్రపంచ సినిమాలో మేలైన వాటిని పల్లె జనం కూర్చుని చూసి, వాటి గురించి మాట్లాడుకునే అలవాటు ఏర్పడింది. ముందు చూసే కళ్లు తయారయ్యాయి, ఆ తరవాతే నటులను తయారుచేసే బడి వచ్చింది. నా దృష్టిలో నీనాసం చరిత్రకు వెన్నెముక ఇదే. చిత్రసమాజానికి నీ ప్రణాళికలో ఒక్క పేరా కేటాయించావు. దానికి ఒక పూర్తి అధ్యాయం కావాలి.

డబ్బు గురించి రాయడానికి మొహమాటపడకు. 1983 నుంచి 1985 దాకా ఫోర్డ్ ఫౌండేషన్ సాయంతో జనస్పందన అనే కార్యక్రమం కింద కర్ణాటకలోని ఎన్నో ఊళ్లలో నాటక, సినిమా శిబిరాలు నడిచాయి. ఆ సాయానికి గడువు తీరిన 1985లోనే తిరుగాట బయలుదేరింది. నీ చిత్తుప్రతిలో ఈ రెండూ వేరువేరు పేజీల్లో, ఒకదానికొకటి సంబంధం లేనట్టు ఉన్నాయి. నిధి వచ్చినప్పుడు పని పెరగడంలో ఆశ్చర్యమేమీ లేదు. అది ఆగిపోయాక ఏది మిగిలిందన్నదే సంస్థకు పరీక్ష. శిబిరాల్లో పరిచయమైన ఊళ్లలో ఎన్ని తరవాత తిరుగాట నాటకాలను పిలిపించుకున్నాయో, వాటిని పిలిపించింది ఏ బడిపంతుళ్లో ఏ యువజన సంఘాలో కూపీ లాగు. సంఘం జమాఖర్చుల పుస్తకాలు, టికెట్టు పుస్తకాల కౌంటర్‌ఫాయిళ్లు, కరపత్రాలు, సభ్యత్వ చందాల రశీదులు చూడటానికి అనుమతి అడుగు. మనుషుల జ్ఞాపకాలు ఆప్యాయంగా ఉంటాయి కాని సంవత్సరాలను కలిపేస్తాయి, కాబట్టి ఇంటర్వ్యూలో విన్న ప్రతి సంగతినీ ఏదో ఒక కాగితంతో సరిపోల్చి చూసుకో.

తిరుగాట గురించి రాసేటప్పుడు మాత్రం కాగితాలు చాలవు, బృందంతో కలిసి కొన్నాళ్లు ప్రయాణం చెయ్యాలి. వానలు వెనకబట్టాక రెండు మూడు నాటకాలు సిద్ధం చేసుకుని బయలుదేరి, నెలల తరబడి తిరిగి, వంద పైచిలుకు ప్రదర్శనలిచ్చే బృందమది. ఒక రోజును పూర్తిగా పట్టుకో. వ్యాను ఆ ఊళ్లోకి ఎన్నింటికి చేరింది, వేదిక ఎన్ని అడుగులుంది, నిన్నటి ఊరి వేదికకు తగ్గట్టు అమర్చిన సెట్టును ఇక్కడ ఎలా కుదించారు, నిచ్చెన ఎక్కి లైట్లు కట్టిన అమ్మాయి సాయంత్రం ఏ వేషం కట్టింది, ఆట ముగిశాక తెరలు మడిచి, పెట్టెలు సర్ది, భోజనానికి కూర్చునేసరికి ఎంత పొద్దుపోయింది, ఇవన్నీ దగ్గరుండి చూసి రాయి. కాళిదాసూ షేక్స్‌పియరూ బ్రెహ్టూ కన్నడ పల్లెల్లో ఆడారని రాస్తే అదొక వార్త మాత్రమే అవుతుంది. నేల మీద ముందు వరసలో కూర్చున్న పిల్లవాడు ఏ ఘట్టంలో మోకాళ్ల మీద లేచి నిలబడ్డాడో రాసినప్పుడే పాఠకుడికి ఆ మాట మీద నమ్మకం కుదురుతుంది.

సురభితో పోల్చాలన్న ఆలోచన మంచిదే, తెలుగు పాఠకుడికి అది దారి చూపుతుంది. అయితే రెండింటినీ ఒకే గాటన కట్టవద్దు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు కీచకవధ ఆడించి మొదలుపెట్టిన సమాజం తోలుబొమ్మలాట కుటుంబాలది. స్త్రీ పాత్రలు ఇంటి ఆడవాళ్లే ధరించారు, పిల్లలు తెరల చాటునే పెరిగి నటులయ్యారు, టికెట్టు డబ్బే వాళ్ల కూడూ గుడ్డా. సినిమా వచ్చి జనాన్ని లాక్కుపోయినప్పుడు సురభి సమాజాలు ఒక్కొక్కటే మూతపడటానికి కారణం అక్కడే ఉంది. హెగ్గోడు రైతులకు నాటకం జీవనాధారం కాదు గనుక జనం ఆదరిస్తారో లేదో తెలియని నాటకాన్ని కూడా ధైర్యంగా ఎత్తుకోగలిగారు. ఆ స్వేచ్ఛకు మరో వైపు కూడా ఉంది: టికెట్టు మీద ఆధారపడని సంస్థ గ్రాంట్ల మీద ఆధారపడే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది, దాన్ని కూడా నిష్పక్షపాతంగా పరిశీలించు. ఈ రెండు లోకాలనూ కలిపిన మనిషి కన్నడ రంగస్థల దర్శకుడు బి.వి. కారంత్. ఆయన నీనాసం తిరుగాటకు 'గోకుల నిర్గమన' చేయించారు, 1990లలో సురభి కళాకారులతో బ్రెహ్ట్ నాటకానికి తెలుగు రూపమైన 'బస్తీ దేవత యాదమ్మ' ఆడించారు. పోలిక అధ్యాయాన్ని ఆయనతో మొదలుపెడితే సహజంగా నడుస్తుంది.

నాటక పోటీలు నడిపే మన పరిషత్తుల గురించి నువ్వు రాసిన రెండు వాక్యాలు మరీ కటువుగా ఉన్నాయి. పరిషత్తు పోటీలు ఎంతోమంది రచయితలనూ నటులనూ తయారుచేశాయి, ఆ ఋణం మరవకూడదు. కాని పోటీ కోసం తయారైన నాటిక బహుమతి అందుకున్నాక ఎక్కువగా అటకెక్కుతుంది. అదే నాటకాన్ని ఊరూరా మళ్లీ మళ్లీ ఆడి, ప్రేక్షకులను బట్టి చెక్కుకునే వీలు దానికి ఉండదు. ఆ తేడాను కోపం లేకుండా, ఉదాహరణతో చెప్పు.

సుబ్బణ్ణకు వచ్చిన 1991 నాటి మెగసెసే పురస్కారానికి ఒక పేజీ చాలు. 2005 తరవాతి కాలానికి మాత్రం నీ ప్రణాళికలో చోటే లేదు, అది పెద్ద లోటు. వ్యవస్థాపకుడు పోయాక సంస్థలు కుప్పకూలడం మనం ఎన్నోసార్లు చూశాం. సుబ్బణ్ణ కొడుకు కె.వి. అక్షర, ఆయనతో పనిచేస్తున్నవారు, శిక్షణ కేంద్రంలో చదివి వెళ్లిన విద్యార్థులు దాన్ని ఎలా నడుపుకొస్తున్నారో, ఏటా జరిగే సంస్కృతి శిబిరానికి ఇప్పుడు ఎవరు వస్తున్నారో, ఈ తరం రైతుబిడ్డలు రంగమందిరం వైపు ఎంతమాత్రం తిరిగి చూస్తున్నారో తెలుసుకుని రాయాలి. ఇందుకు అక్టోబరు శిబిరం సమయంలో వెళ్లడం మంచిది, అప్పుడు పాతవాళ్లూ కొత్తవాళ్లూ ఒకేచోట దొరుకుతారు. వెళ్లేలోగా కన్నడం చదవడం గట్టిగా అలవాటు చేసుకో. లిపి మనకు దగ్గరిదే కనుక నెల రెండు నెలల్లో కరపత్రాలు చదవగలుగుతావు.

చిత్రసమాజం అధ్యాయం ముందు రాసి పంపు. మిగతా ప్రణాళిక దాన్ని చూశాక మారుద్దాం.

శుభాకాంక్షలతో,
మీ పెద్దాయన