ఈ వాయిదా దేనికి?

చి. అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన సమను ఫొటో చూశాను. పొలం గట్టు మీద మిమ్మల్ని ఏ పనీ చేయనివ్వొద్దని పక్కవాళ్లు వేసిన ఇంజంక్షన్ దావా అది. వాయిదా పడ్డప్పుడల్లా మీరంతా పనులు మానుకుని కోర్టుకు పరుగెత్తాలా అని అడిగావు. అక్కర్లేదు. అసలు వాయిదా దేనికో తెలుసుకోకుండా ఏ వాయిదాకీ వెళ్లొద్దు, ఏదీ మానొద్దు. కేసు గుర్తింపు కోసం సమనులో ఉన్న 16 అక్షరాల సీఎన్‌ఆర్ నెంబరును ఈకోర్ట్స్ యాప్‌లో కొడితే తర్వాతి తేదీతో పాటు ఆ రోజు పని కూడా కనిపిస్తుంది.

మొదటిది హాజరు వాయిదా. వకీలు వకాలత్ (మీ తరఫున నడిపే అధికార పత్రం) దాఖలు చేస్తే చాలు, మీరు వెళ్లకపోయినా పరవాలేదు. కానీ బంట్రోతు మూడుసార్లు పిలిచినప్పుడు మీరూ పలక్క, వకీలూ పలక్కపోతే మిమ్మల్ని ఎక్స్‌పార్టీ చేస్తారు, అంటే మీరు లేకుండానే కేసు నడుస్తుంది. అక్కడితో కొంప మునగదు, డిక్రీ (తుది ఉత్తర్వు) కాకముందే పిటిషన్ వేసి తీయించుకోవచ్చు. డిక్రీ అయిపోతే మాత్రం 30 రోజుల్లో దాన్ని రద్దు చేయమని అడగాలి. ఆలస్యమైతే ఆలస్యమైన ప్రతి రోజుకీ కారణం చెప్పుకోవాల్సి వస్తుంది.

సమను అందిన నాటి నుంచి జవాబు దావాకు గడువు 30 రోజులు. తగిన కారణం చూపిస్తే 90 వరకు ఇస్తారు. "ఇంకా టైముందిలే" అనుకుని ఊరుకోవద్దు తల్లీ, ఎక్కువ కేసులు చెడేది ఇక్కడే. వాది రాసిన ప్రతి పేరాకూ విడివిడిగా జవాబుండాలి. దేన్ని కాదనకపోతే దాన్ని ఒప్పుకున్నట్టే లెక్క.

దావాతో పాటు ఐ.ఏ. కూడా నడుస్తుంది. తాత్కాలిక ఇంజంక్షన్ కోసం వేసిన పిటిషన్ అది. దీని మీద వాదనలకు మీరు బోనెక్కే పని సాధారణంగా ఉండదు, అఫిడవిట్లు, కాగితాల మీదే తేలుస్తారు. దావా వేసిన నాటికి స్వాధీనం ఎవరిదన్నదే ముఖ్యం. కాబట్టి మీ-సేవ నుంచి అడంగల్ (సాగు రికార్డు), 1-బి (భూమి హక్కు రికార్డు) తీసి కౌంటరుతో, అంటే ఆ పిటిషన్‌కు మీ జవాబుతో పాటు వేయించు. మీ మాట వినకుండానే ఉత్తర్వు ఇచ్చేశారేమో ముందు కనుక్కో. ఇచ్చి ఉంటే ఆ గట్టు మీద గడ్డపార పెట్టొద్దని మీ తమ్ముడికి గట్టిగా చెప్పు. ఉత్తర్వు తప్పని మీకు ఎంత అనిపించినా సరే, దాన్ని మీరితే ఆస్తి జప్తు చేయొచ్చు, మూడు నెలల దాకా సివిల్ జైల్లోనూ పెట్టొచ్చు.

ఇష్యూల (కోర్టు తేల్చాల్సిన ప్రశ్నల) వాయిదాకి మీ అవసరం లేదు. కానీ ఏ ఇష్యూలు కట్టారో వకీలునడిగి రాసుకో, సాక్ష్యమంతా వాటి చుట్టూనే తిరుగుతుంది. లోక్ అదాలత్‌కి పంపితే మాత్రం స్వయంగా వెళ్లండి. అక్కడ రాజీ కుదిరితే దాని మీద అప్పీలు ఉండదు, అందుకే సరిహద్దులు ఒక్కొక్కటీ చదివాకే సంతకం పెట్టాలి.

ఇక సాక్ష్యం వాయిదాలు. వాది క్రాస్ (మన వకీలు వాదిని ప్రశ్నించే) రోజున మీరు పక్కనుంటే, ఏ గట్టు ఎటుందో వకీలుకి అప్పటికప్పుడు అందించగలరు. మీ నాన్న వంతు వచ్చినప్పుడు చీఫ్, అంటే ఆయన సొంత సాక్ష్యం, అఫిడవిట్ రూపంలోనే ఇస్తారు. ఒరిజినల్ కాగితాలు తీసుకెళ్లండి, జిరాక్సులు సాక్ష్యంగా మార్క్ చేయరు. బీ-1, బీ-2 అని మీ వైపు పత్రాలకు నెంబర్లు పడతాయి. రిజిస్టరు కాని అమ్మకం కాగితమైతే స్టాంపు దగ్గరే అభ్యంతరం లేస్తుంది, ముందే వకీలుకి చూపించు.

క్రాస్‌లో అవతలి వకీలు, "మీరు గట్టు జరిపారు, నిజమేనా?" అంటాడు. మీ నాన్న తలూపకూడదు, మౌనంగా ఉండకూడదు, కథ చెప్పకూడదు. "నిజం కాదు" అని ఆగాలి. తెలియనిది "తెలియదు", గుర్తులేనిది "గుర్తులేదు", అంతే. చెప్పింది ఇంగ్లీషులో టైపవుతుంది. సంతకం పెట్టేముందు తెలుగులో చదివి వినిపించమని అడగాలి. సర్వే నెంబర్లో ఒక్క అంకె తప్పినా అక్కడే దిద్దించాలి.

వాదనల రోజు మీ పని ఏమీ లేదు. తీర్పు వచ్చిన రోజునే సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టించు. పై కోర్టులో అప్పీలుకు 30 రోజులు గడువు. కాపీ తయారయ్యేందుకు పట్టిన రోజులు అందులోంచి తీసేస్తారు, మీరు దరఖాస్తు పెట్టకుండా కూర్చున్న రోజులు తీసెయ్యరు.

పెదనాన్న