జాన్ జే జీవిత చరిత్ర రాయబోతున్న యువ రచయితకు

చిరంజీవికి ఆశీస్సులు.

అమెరికా దేశ స్థాపకుల్లో ఒకరైన జాన్ జే మీద నువ్వు పంపిన ప్రణాళిక చదివాను. లాయరుగా ఒక అధ్యాయం, చట్టసభలో ఒకటి, రాయబారిగా ఒకటి అని విడగొట్టావు. అలా చేయకు. ఆయన రాయబారమంతా లాయరు బుద్ధితోనే నడిచింది.

1782 పారిస్‌తో మొదలుపెట్టు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం ముగించే సంధి మాట్లాడటానికి బ్రిటన్ పంపిన రిచర్డ్ ఓస్వాల్డ్ అధికారపత్రంలో వలస రాజ్యాలు అని ఉంది, సంయుక్త రాష్ట్రాలు అని లేదు. సర్దుకుపోదామన్నాడు జేతో పాటు అమెరికా తరఫున వచ్చిన బెంజమిన్ ఫ్రాంక్లిన్. ఫ్రాన్స్ మంత్రి వెర్జెన్‌దీ అదే మాట. జే ససేమిరా అన్నాడు. 1768 నుంచి న్యూయార్క్ కోర్టుల్లో వాదించిన మనిషి ఆయన. వకాల్తా సరిగా లేనివాడితో కుదిరిన రాజీ రేపు నిలవదని తెలుసు. సెప్టెంబరులో పత్రం మారి వచ్చాకే అసలు బేరం సాగింది. ఈలోగా బ్రిటన్ చేతిలో ఉన్న జిబ్రాల్టర్ కోట మీద స్పెయిన్, ఫ్రాన్స్‌ల దాడి విఫలమై బ్రిటన్‌కు ధీమా పెరిగింది. పట్టుదలను మెచ్చుకుంటూ ఈ ఖరీదు దాచేయకు. తేదీలు కలిపేయకు కూడా: ప్రాథమిక ఒప్పందం 1782 నవంబరు 30న, తుది సంధి 1783 సెప్టెంబరు 3న.

అమెరికా సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి పదవి మీద ఎక్కువ పేజీలు పెట్టకు, తీర్పులు తక్కువ. ఆ పదవిలో ఉండగానే లండన్ వెళ్లి 1794లో బ్రిటన్‌తో చేసుకొచ్చిన ఒప్పందం దగ్గర ఆగు. సెనేట్‌లో 20–10, ఆమోదానికి కావలసిన సరిగ్గా మూడింట రెండు వంతులు. అదీ 12వ అధికరణాన్ని పక్కనపెట్టాకే. అందులో ఉన్నట్టు బ్రిటిష్ వెస్టిండీస్‌కు 70 టన్నులు మించిన అమెరికా ఓడ వెళ్లకూడదంటే వర్తకులు ఎలా ఊరుకుంటారు? వీధుల్లో జే దిష్టిబొమ్మలు ఎందుకు తగలబెట్టారో ఇలాంటి షరతులు చూపిస్తేనే పాఠకుడికి అర్థమవుతుంది. 13వ అధికరణం అమెరికా ఓడలకు ఇండియాలోని బ్రిటిష్ రేవులు తెరిచింది. మనవాళ్లకు అది తప్పక చెప్పు.

బానిసత్వం దగ్గర విశేషణాలు వద్దు. 1785లో బానిస విముక్తి సంఘానికి అధ్యక్షుడైన జే స్వయంగా బానిసల యజమాని. న్యూయార్క్ గవర్నరుగా 1799లో ఆయన సంతకం చేసిన చట్టం, ఆ జూలై 4 తర్వాత పుట్టిన పిల్లలకే స్వేచ్ఛ ఇచ్చింది. అదీ మగవాళ్లు 28 ఏళ్లు, ఆడవాళ్లు 25 ఏళ్లు వచ్చేదాకా తల్లి యజమానికి చాకిరీ చేశాకే. లెక్క వేసి చూపించు: 1800లో పుట్టిన ఆడపిల్లకు 1825లో, మగపిల్లవాడికి 1828లో విడుదల. జే చనిపోయింది 1829లో.