తలకు దెబ్బ తగిలాక ఉద్యోగం నిలవట్లేదు... మానిపించేయాలా?

ప్రశ్న: మావారికి 39 ఏళ్లు. అకౌంట్స్‌లో పని. 8 నెలల క్రితం బైక్ మీద నుంచి పడి తలకు గట్టి దెబ్బ తగిలింది, ఆపరేషన్ చేశారు. ఇప్పుడు నడక, మాట మామూలుగానే ఉన్నాయి. స్కాన్ కూడా బాగుందన్నారు. పోయిన నెల ఆఫీసులో చేరి, మూడు వారాలు తిరక్కుండానే మానేసి వచ్చేశారు. మధ్యాహ్నానికల్లా తల బరువెక్కుతోందట, లెక్కల్లో తప్పులు పడుతున్నాయట. పై అధికారి ఏదో అంటే ఆయన మీద అరిచారట. ఇంట్లో ఎప్పుడూ పడుకునే ఉంటున్నారు. నేనేదైనా అంటే ‘నాకేం కాలేదు, నన్నొదిలెయ్’ అని విసుక్కుంటున్నారు. బద్ధకం అలవాటైందని అత్తగారు అంటున్నారు. రాజీనామా చేయించనా, బలవంతంగానైనా పంపనా?

జవాబు: రెండూ వద్దమ్మా. రాజీనామా అసలే వద్దు. మీవారు ఒక్కసారిగా పూర్తి రోజు పనిలోకి దిగారు. దెబ్బ తగలకముందు ఎంత చేసేవారో అంతా మొదటి రోజు నుంచే చేయాలని చూశారు. ఇలాంటి దెబ్బ తర్వాత అలా చేరినవాళ్లు వెనక్కి రావడం మామూలే.

బద్ధకం అన్న మాట ఇంట్లో ఆగిపోవాలి. తలకు దెబ్బ తగిలినవాళ్లలో చాలామందిని ఎక్కువకాలం వేధించేది అలసటే. ఒక అంకె మీద మనసు నిలపడానికి, పక్కవాళ్ల మాటలు చెవిన పడుతున్నా పట్టించుకోకుండా ఉండటానికి ఆ మెదడు మునుపటికన్నా ఎంతో ఎక్కువ కష్టపడాలి. పొద్దున చక్కగా ఉన్న మనిషి మధ్యాహ్నానికి తప్పులు చేయడం, చిన్న మాటకే అరవడం అందుకే. ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు అత్తగారినీ తీసుకెళ్లండి. మీరు చెబితే వినని మాట డాక్టరు చెబితే వింటారు.

స్కాన్ బాగుందంటే రక్తం గడ్డ, వాపు లాంటివి లేవని. జ్ఞాపకం, ఏకాగ్రత, ఆలోచనలో వేగం ఎంతవరకు తిరిగొచ్చాయో అందులో తెలియదు. వాటికి న్యూరోసైకాలజిస్టు చేసే పరీక్షలు వేరే ఉంటాయి. అవి రాయమని అడగండి. రోజంతా పడుకోవడం వెనుక డిప్రెషన్ ఉందేమో కూడా చూడమనండి. తల గాయం తర్వాత అది తరచూ వస్తుంది, మందులకు, కౌన్సెలింగ్‌కు తగ్గుతుంది.

ఇక ‘నాకేం కాలేదు’ అనడం. నుదుటి వెనుక ఉండే మెదడు భాగం దెబ్బతింటే తనలో వచ్చిన మార్పు తనకే తెలియకపోవచ్చు. పనికి పూనుకోవడం, కోపాన్ని ఆపుకోవడం కూడా ఆ భాగం చూసుకునేవే. అయితే మీ ఉత్తరంలో ఒక మంచి సంగతి ఉంది. తప్పులు పడుతున్నాయని చెప్పింది ఆయనే కదా! అంటే ఆయనకు కొంత తెలుసు, మీ ముందు ఒప్పుకోలేకపోతున్నారు. వాదించకండి. ‘ఏ టైముకి తల బరువెక్కుతోందండీ?’ అని మాత్రం అడగండి. ఆ టైము ఒక నోట్‌బుక్‌లో ఆయన చేతే రాయించండి.

కొన్నాళ్లు ఇంట్లోనే, పొద్దుటిపూట, టేబుల్ దగ్గర కూర్చుని ఇంటి ఖర్చుల లెక్క చూడమనండి. ముందు అరగంట చాలు. అలసట వచ్చాక కాదు, రాకముందే లేవాలి. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. ఓపిక ఉన్న రోజు మొత్తం చేసేసి, తర్వాత రెండు రోజులు లేవలేరు.

అది కుదిరాక డాక్టరు ఉత్తరంతో ఆఫీసువాళ్లతో మాట్లాడాలి. మాట్లాడేది ఆయనే, మీరు పక్కన ఉంటే చాలు. సగం పూట పని, అలికిడి లేని చోట సీటు, చెప్పే పని కాగితం మీదో మెసేజ్‌లోనో రాసివ్వడం, ఒక పని అయ్యాకే ఇంకోటి, మొదట్లో ఆయన లెక్కలు ఇంకొకరు సరిచూడటం. ఈ మాత్రం చాలా ఆఫీసుల్లో ఒప్పుకుంటారు. తర్వాత పెంచేటప్పుడు గంటలైనా పెంచాలి, పని కష్టమైనా పెంచాలి. రెండూ ఒకే వారంలో పెంచితే మళ్లీ మొదటికొస్తారు.

ఫినియాస్ గేజ్ అని అమెరికాలో రైలు మార్గం పనివాళ్ల మేస్త్రీ ఒకాయన ఉండేవాడు. 1848లో ఇనుప కడ్డీ ఆయన తలలోంచి దూసుకుపోయింది. బతికాడు కానీ మనిషి మారిపోయాడని పాత పని ఇవ్వలేదు. వైద్య పుస్తకాల్లో ఇంతవరకే ఎక్కువగా చెబుతారు. తర్వాత ఆయన చిలీ వెళ్లి కొన్నేళ్లపాటు ప్రయాణికుల గుర్రపు బండి తోలాడు. రోజూ ఒకే వరసలో సాగే పని కాబట్టే నిలబడగలిగాడని ఆయన గురించి పరిశోధించినవాళ్ల అభిప్రాయం. మీవారికీ రోజూ ఒకేలా సాగే పనే ముందు అడగండి.

డాక్టరు సరేననేదాకా బండి నడపనివ్వకండి, తల గాయం తర్వాత ఫిట్స్ వచ్చే అవకాశం ఉంటుంది. మద్యం పూర్తిగా మానాలి.

మీ గురించి మీరు ఒక్క ముక్కా రాయలేదు. పని చేశారా, నోట్‌బుక్ రాశారా అని రోజూ అడిగే పని మీ ఒక్కరిదే అయితే భార్యగా మిగలరు, సూపర్‌వైజర్ అయిపోతారు. ఆయన మాట వినే అన్నదమ్ముడికో, స్నేహితుడికో, రోజువారీ పనులు మళ్లీ అలవాటు చేయించే ఆక్యుపేషనల్ థెరపిస్టుకో అది అప్పగించండి. అరుపులు దాటి చేయి చేసుకునేదాకా వస్తే మాత్రం ఓర్చుకోకండి, వెంటనే డాక్టరుకు, మీ పుట్టింటివాళ్లకు చెప్పండి.

కోలుకోవడం మొదటి ఆరు నెలల్లో వేగంగా ఉంటుంది, ఆ తర్వాత నెమ్మదిగా ఏళ్ల తరబడి సాగుతుంది. 8 నెలలకే తేల్చేయలేం. పాత సీటుకు తిరిగి వెళ్లలేకపోవచ్చు కూడా. అప్పుడు అదే ఆఫీసులో తక్కువ బాధ్యత ఉన్న పని అడగవచ్చు. ఆ దారి తెరిచి ఉండాలంటే ఇప్పుడు సెలవు పొడిగించమని రాయండి. జీతం, వైద్య బీమా ఎంతవరకు వస్తాయో లిఖితపూర్వకంగా కనుక్కున్నాకే ఏ కాగితం మీదైనా సంతకం పెట్టనివ్వండి.