ముందు కుర్చీ, గ్రాఫిక్స్ కార్డు సంగతి తర్వాత

డిగ్రీ రెండో ఏడాది చదువుతున్న తన అమ్మాయి గురించి ఒకావిడ రాశారు. పాప వీడియో ఎడిటింగ్, మోషన్ గ్రాఫిక్స్ (అక్షరాలు, బొమ్మలు కదిలించే పని) వైపు వెళ్తానంటోందట, ఇంట్లోనే సెటప్ కావాలని పదిహేను ఐటమ్స్ లిస్టు చేతిలో పెట్టిందట. పెద్ద గ్రాఫిక్స్ కార్డున్న పీసీ, రెండు మానిటర్లు, స్టూడియో మైకు, రంగుల లైట్ల కీబోర్డు, ఇంకా ఏవేవో, ఇవి లేకపోతే ఈ ఫీల్డ్‌లో నిలబడలేనంటోంది నిజమేనా అని అడిగారు.

నిజం కాదండీ. అలాగని పాప మాట కొట్టిపారేయకండి, లిస్టులో సగం ఏదో ఒక రోజు అవసరమే. తేడా అంతా ఏది ముందు ఏది తర్వాత అన్న దగ్గరే.

ఇప్పుడు ఇంట్లో ఉన్న లాప్‌టాప్‌తోనే మొదలుపెట్టమనండి. డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఫ్రీ వెర్షన్‌లో ఎడిటింగ్, కలర్, సౌండ్ మూడూ ఒకే చోట ఉంటాయి, నేర్చుకునే వాళ్ళకి అందులో లేనిది చాలా తక్కువ. లాప్‌టాప్ మరీ పాతదై అది మొరాయిస్తే కేడెన్‌లైవ్ అనే ఇంకో ఉచిత ఎడిటర్ ఉంది. త్రీడీకి బ్లెండర్, అది పూర్తిగా ఉచితం, 2002 నుంచి ఓపెన్ సోర్స్. ఉచితం కదా ఏం పనికొస్తుందిలే అనుకోవద్దు, 2025లో ఆస్కార్ గెలిచిన యానిమేషన్ సినిమా బ్లెండర్‌లో చేసిందే. బొమ్మలకి క్రిటా, లోగోలకి ఇంక్‌స్కేప్, స్క్రీన్ రికార్డింగ్‌కి ఓబీఎస్. కంపెనీలు అడోబీ వాళ్ళ సాఫ్ట్‌వేర్ వచ్చా అని అడుగుతాయి నిజమే, కానీ కట్ ఎక్కడ పడాలో తెలిసిన పిల్ల ఆ బటన్లు ఎక్కడున్నాయో కొన్ని వారాల్లో పట్టేస్తుంది, తెలియని పిల్లకి ఏ సాఫ్ట్‌వేర్ కొనిచ్చినా ఒకటే.

పాప మీతో చెప్పే కంప్లైంట్ నేను ఊహించగలను, "అమ్మా ఫోర్‌కే వీడియో వేస్తే టైమ్‌లైన్ ఆగి ఆగి నడుస్తోంది" అని. టైమ్‌లైన్ అంటే ఎడిటర్‌లో క్లిప్పులు వరుసగా పేర్చే పట్టీ. ఫోన్లో తీసిన వీడియో చాలాసార్లు హెచ్ 265 అనే ఫార్మాట్‌లో ఉంటుంది, ఫైలు చిన్నగా ఉండటానికి బాగా నొక్కి పెట్టేస్తారు, దాన్ని ప్రతి ఫ్రేముకీ విప్పలేక మెషిన్ రొప్పుతుంది. రిజాల్వ్‌లో ఆ క్లిప్ మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాక్సీ తయారు చేసుకుంటే తేలికైన కాపీ మీద ఎడిటింగ్ సాఫీగా నడుస్తుంది, చివర్లో ఎక్స్‌పోర్ట్ మాత్రం అసలు క్వాలిటీలోనే చేసుకోవచ్చు. ఇదంతా చేశాక కూడా ఆగుతుంటే అప్పుడు టాస్క్ మేనేజర్ తెరిచి చూడమనండి, మెమరీ నిండిపోయి కనిపిస్తే ర్యామ్ 16 జీబీ చేయించండి, వీలైతే 32, డిస్క్ నూరు శాతం దగ్గర కూర్చుంటే ఎస్‌ఎస్‌డీ (వేగంగా పనిచేసే డిస్క్) వేయించండి, జీపీయూ, అంటే గ్రాఫిక్స్ చిప్, నిండితేనే గ్రాఫిక్స్ కార్డు మాట. కొన్ని లాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే అతికించేసి ఉంటుంది, డబ్బు కట్టే ముందు అది అడగండి.

నేనైతే మొదటి డబ్బు కుర్చీ మీద పెడతాను. గేమింగ్ కుర్చీ కాదు, నడుముకి ఆనుకునేలా, ఎత్తు మార్చుకునేలా ఉండే మామూలు ఆఫీసు కుర్చీ. పాదాలు నేలకి ఆనాలి, మోచేయి ఎల్ ఆకారంలో ఉండాలి, స్క్రీన్ పై అంచు కంటి ఎత్తుకి రావాలి. లాప్‌టాప్ కింద నాలుగు లావు పుస్తకాలు పెట్టి, విడిగా ఒక సాదా కీబోర్డు, మౌస్ తగిలిస్తే సగం పని అయిపోయినట్టే, చాలామంది ఆ పుస్తకాలు పెట్టి కీబోర్డు మర్చిపోతారు, అప్పుడు మెడ బాగుపడి భుజాలు పోతాయి. ఇరవై నిమిషాలకోసారి ఇరవై అడుగుల దూరంలో ఉన్నదాన్ని ఇరవై సెకన్లు చూడమనండి, కళ్ళు లేకపోతే కలర్ గ్రేడింగ్ (వీడియో రంగులు సరిదిద్దడం) ఏముంది!

మానిటర్ ఒకటి చాలు, కానీ పక్క నుంచి చూసినా రంగు పెద్దగా మారని ఐపీఎస్ ప్యానెల్, ఎస్‌ఆర్‌జీబీ (స్క్రీన్లకి మామూలుగా వాడే రంగుల కొలత) నూటికి నూరు శాతం దగ్గరగా చూపించేది తీసుకోండి. చవక ప్యానెల్ మీద తల కాస్త వంచితే రంగు మారిపోతుంది, దాన్ని నమ్మి గ్రేడ్ చేసిన ముఖం పక్కవాళ్ళ ఫోన్లో పచ్చగా కనిపిస్తుంది.

మైకు గురించి ఒక్క మాట. ఖాళీ గదిలో ఖరీదైన కండెన్సర్ మైకు, అంటే చిన్న చప్పుడునీ పట్టేసే రకం, పెడితే గది ప్రతిధ్వని, ఫ్యాన్ చప్పుడు అన్నీ శ్రద్ధగా రికార్డ్ చేసిపెడుతుంది. దూరపు చప్పుళ్ళని అంతగా పట్టని డైనమిక్ మైకు నోటికి దగ్గరగా పెట్టుకోవడం మేలు, గదిలో పరుపు, దుప్పట్లు, పరదాలు ఉంటే ఇంకా మేలు.

లిస్టులో లేనిది, నేను కలపమనేది బ్యాకప్ డ్రైవ్. నా బల్ల మీంచి హార్డ్‌డిస్క్ జారి పడి మూడు నెలల పని పోయింది, అప్పటికి నేను పిల్లలకి బ్యాకప్ గురించి పాఠాలు చెప్తున్నవాణ్ణే, అది వేరే సంగతి. మూడు కాపీలు, రెండు రకాల స్టోరేజీల్లో, ఒకటి ఇంటి బయట, క్లౌడ్ అయినా సరే.

ఇక పాపకి ఒక పరీక్ష పెట్టండి, ఉన్న మెషిన్ మీదే రెండు నెలల్లో ముప్పై సెకన్ల వీడియోలు ఎనిమిది పూర్తి చేసి చూపించమనండి, ఎక్కడెక్కడ మెషిన్ ఆపిందో ఒక నోట్‌బుక్‌లో రాసుకోమనండి. ఆ నోట్‌బుక్కే అసలు షాపింగ్ లిస్టు. ఆ రంగుల లైట్ల కీబోర్డు మాత్రం తన మొదటి పేమెంట్‌తో తననే కొనుక్కోనివ్వండి.