పీజీ సీటు ఖాయమంటే ఎంతవరకు ఖాయం?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ పూర్తిచేసింది. కెమిస్ట్రీ అంటే ఇష్టం. తమ దగ్గర బీఎస్సీలో చేరితే ప్రవేశ పరీక్ష లేకుండానే ఎమ్మెస్సీ సీటు ఖాయమని, అయితే రెండేళ్ల ఫీజు ముందే కట్టాలని దూరపు ఊళ్లోని ఒక ప్రైవేటు విద్యాసంస్థ వారు అంటున్నారు. నాకేమో కాకినాడలోనో రాజమహేంద్రవరంలోనో చదివించాలని ఉంది. ఏం చేయమంటారు?
- ఒక తల్లి, రాజోలు

జవాబు: అమ్మా, ముందుగా వారు చేర్చుకుంటున్నది డిగ్రీ, పీజీ కలిపి చదివే ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సులోనా, విడి బీఎస్సీలోనా అన్నది తేల్చుకోండి. తిరుపతిలోని ఐసర్‌లో (కేంద్ర ప్రభుత్వ విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ) ఉన్న బీఎస్-ఎంఎస్ వంటి కోర్సుల్లో ప్రవేశం ఒక్కసారే జరుగుతుంది. మధ్యలో మరో పరీక్ష ఉండదు, నిర్దేశించిన మార్కులతో ముందుకు సాగితే చాలు. అది నిజమైన హామీ. విడి బీఎస్సీలో చేర్చుకుని "తర్వాత మేము చూసుకుంటాం" అని నోటిమాటగా చెబితే, మూడేళ్ల తర్వాత ఆ మాట చెప్పినవారు అక్కడ ఉంటారో లేదో కూడా మనకు తెలియదు. హామీ నిజమైతే అది ప్రవేశ నిబంధనల్లోనే ఉంటుంది. ఎంత శాతం మార్కులు రావాలి, సబ్జెక్టు తప్పితే హామీ ఉంటుందా, ఎమ్మెస్సీలో ఏ స్పెషలైజేషన్ ఇస్తారు, మూడేళ్లకే మానుకుంటే డిగ్రీ పట్టా చేతికొస్తుందా అన్న సంగతులను రాతపూర్వకంగా అడగండి.

ఇక రెండేళ్ల ఫీజు. చదవబోయే సెమిస్టరుకో, సంవత్సరానికో తప్ప అంతకుమించి ఫీజు ముందుగా వసూలు చేయరాదనీ, ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర అట్టిపెట్టుకోరాదనీ విశ్వవిద్యాలయాలకు నిబంధనలు పెట్టే యూజీసీ 2018లోనే ప్రకటించింది. దాన్ని పట్టించుకోని సంస్థ సీటు విషయంలో మాత్రం మాట నిలబెట్టుకుంటుందని నేను అనుకోను.

అసలు మన ప్రాంతంలో ఈ హామీకి అంత విలువ ఉందా అన్నది నా సందేహం. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఎమ్మెస్సీ ప్రవేశాలకు 2021 నుంచి ఏపీ పీజీసెట్ అనే ఉమ్మడి పరీక్ష జరుగుతోంది. రాజమహేంద్రవరంలోని ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం పరిధిలోని కళాశాలలో బీఎస్సీ చదివినంత మాత్రాన అక్కడి ఎమ్మెస్సీ సీటు దానంతటదే రాదన్నది నిజమే. కానీ కౌన్సెలింగ్ ముగిశాక కూడా చాలా సబ్జెక్టుల్లో సీట్లు మిగిలిపోతూనే ఉన్నాయి. ఏదో ఒక సీటు దొరకడం కష్టం కాదు. మంచి ప్రయోగశాల, మంచి అధ్యాపకులు ఉన్నచోట సీటు దొరకడమే కష్టం. అటువంటి సీటుకు ఐఐటీలు, ఐఐఎస్సీ చూసే జామ్, కేంద్రీయ విశ్వవిద్యాలయాలు చూసే సీయూఈటీ-పీజీ వంటి జాతీయ ప్రవేశ పరీక్షలు రాయక తప్పదు. కొబ్బరితోట అమ్మి సీటు కొనేకన్నా, అమ్మాయిని కాకినాడ పీఆర్ ప్రభుత్వ కళాశాల వంటి చోట చేర్చి, ఆ డబ్బులో కొంత పుస్తకాలకూ, జామ్ శిక్షణకూ ఖర్చుపెట్టడమే నాకు సబబుగా తోస్తోంది.

ఒక వెసులుబాటు కూడా ఉంది. జాతీయ విద్యా విధానం ప్రకారం నాలుగేళ్ల ఆనర్స్ చదివినవారికి పీజీ ఒక్క ఏడాదే. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం తెచ్చుకున్నవారు నాలుగో ఏట పరిశోధనతో కూడిన ఆనర్స్ ఎంచుకోవచ్చు. అయితే నాలుగో ఏడాది నడిపే కళాశాలలు అన్నిచోట్లా లేవు కనుక, చేరే ముందే విచారించుకోవాలి.

ప్రశ్న: స్విట్జర్లాండులో బ్యాచిలర్స్ అయితే మాస్టర్స్ ప్రవేశం హక్కుగా దక్కుతుందని మా పెదనాన్నగారి అబ్బాయి చెబుతున్నాడు. మా బీఎస్సీకీ అది వర్తిస్తుందా?
- ఒక విద్యార్థి, భీమవరం

జవాబు: మీ అన్నయ్య చెప్పింది సరైనదే, కానీ మీకు వర్తించదు. స్విస్ విశ్వవిద్యాలయంలోనే బ్యాచిలర్స్ చేసినవారికి, అదే విభాగపు మాస్టర్స్‌లో అదనపు షరతులు లేకుండా ప్రవేశమిస్తారు. భారతీయ డిగ్రీతో దరఖాస్తు చేసేవారి సిలబస్‌నూ, మార్కులనూ విడిగా పరిశీలిస్తారు. మూడేళ్ల డిగ్రీని పూర్తి అర్హతగా అంగీకరించని విశ్వవిద్యాలయాలు అమెరికాలోనూ చాలా ఉన్నాయి కనుక, ఎంచుకున్న విశ్వవిద్యాలయపు ప్రవేశ నిబంధనలను మీరే స్వయంగా చదవండి.