రౌటర్లు నేర్చుకున్న అబ్బాయికి అగ్రిమెంట్లతో పనేంటి?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. రొయ్యల చెరువులు చేస్తాను. మా అబ్బాయి భీమవరంలో ఈసీఈ చదివాడు, సిస్కో కంపెనీ ఇచ్చే నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్ సీసీఎన్‌ఏ కూడా పాసయ్యాడు. హైదరాబాద్‌లో కంపెనీలకు ఇంటర్నెట్ లైన్లు ఇచ్చే సంస్థలో 'ఎస్‌ఎల్‌ఏ అనలిస్ట్'గా ఆఫర్ వచ్చింది. ఏదో అగ్రిమెంట్లు చూసే పనట. కాల్ సెంటర్ ఉద్యోగమేమోనని మాకు టెన్షన్‌గా ఉంది. చేరమనమంటారా?

జవాబు: చేరమనండి. ఇది కాల్ సెంటర్ పని కాదండీ.

బ్యాంకో, ఆసుపత్రో లైన్ తీసుకునేటప్పుడు సర్వీస్ లెవెల్ అగ్రిమెంట్ (ఎస్‌ఎల్‌ఏ) రాసుకుంటారు. లైన్ నెలలో ఎంతసేపు పనిచేయాలి, డేటా ఎంత ఆలస్యంగా చేరొచ్చు, దారిలో ఎంత పోవచ్చు, తెగితే ఎన్ని గంటల్లో బాగుచేయాలి అన్నవన్నీ అందులో ఉంటాయి. మాట తప్పితే బిల్లులో కొంత తగ్గించాలి. దాన్నే సర్వీస్ క్రెడిట్ అంటారు.

వినడానికి తేలికే. పేచీ అంతా కొలత దగ్గర. మీరు రొయ్యలు అమ్మేటప్పుడు కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు) ఎంతన్నదానికంటే శాంపిల్ ఎక్కడ తీశారు, ఎవరు తూచారు అన్నదే రేటు తేలుస్తుంది కదా, ఇక్కడా అంతే. లైన్ 99.9 శాతం సమయం పనిచేయాలని రాసి, నెలకు లెక్కిస్తే 43 నిమిషాలు ఆగొచ్చు. అదే ఏడాదికి లెక్కిస్తే సుమారు 8 గంటల 45 నిమిషాలు. అదంతా ఒక్కరోజే పోయినా అగ్రిమెంట్ ప్రకారం తప్పు జరగనట్టే! కొలిచే చోటు కూడా ముఖ్యమే. ప్రొవైడర్ తన రెండు కేంద్రాల మధ్యే కొలిస్తే, చివరి కిలోమీటరులో జేసీబీ తగిలి ఫైబర్ తెగినా రిపోర్టులో అంతా పచ్చగానే కనిపిస్తుంది.

ఇక మినహాయింపులు. ముందే చెప్పి చేసే మరమ్మతులు, కస్టమర్ ఆఫీసులో కరెంటు పోవడం, తుఫాను లాంటి విపత్తులు మామూలుగా లెక్కలోకి రావు. కోనసీమలో తుఫానుకు స్తంభాలు పడ్డాయనుకోండి. రోడ్లు తెరిచి, కరెంటు వచ్చాక కూడా ఇంకో రోజు లైన్ రాకపోతే ఆ గంటలు ఎవరి ఖాతాలో వేయాలి? రౌటర్ లాగ్‌లు (రౌటర్ రాసుకునే రికార్డులు), టికెట్ (ఫిర్యాదు నమోదు) టైములు, అగ్రిమెంట్‌లో క్లాజు పక్కపక్కన పెట్టుకుని తేల్చాలి. అదే మీ అబ్బాయి పని. నెట్‌వర్క్ తెలియనివాడు చేయలేడు. నేను చూసినంతలో మన ఈసీఈ పిల్లలు కాన్ఫిగరేషన్ చకచకా చేసేస్తారు గానీ రెండు పేజీల ఒప్పందం ఓపిగ్గా చదవరు. చదివేవాడికి ఇక్కడ విలువ.

చేరేముందు హెచ్‌ఆర్‌ని ఒకటి అడగమనండి: మానిటరింగ్ టూల్స్ చూసే అవకాశం ఉంటుందా, లేక టికెట్లు ఎక్సెల్‌లో ఎక్కించడమేనా? రెండోదైతే ఏడాది చూసుకుని నెట్‌వర్క్ ఆపరేషన్స్ టీమ్‌లోకి మారాలి. ఈలోగా నెట్‌వర్క్ పరికరాల స్థితిని దూరం నుంచే తెలుసుకునే ఎస్‌ఎన్‌ఎంపీ, డేటాబేస్‌లోంచి లెక్కలు తీసే ఎస్‌క్యూఎల్ కొంచెం నేర్చుకోవాలి. సగటు లెక్కల్ని నమ్మకూడదని కూడా తెలియాలి. రోజు సగటు బాగానే ఉన్నా, రద్దీ వేళ ఆలస్యం పెరిగితే ఫోన్ మాటలు తెగిపోతాయి. మాట ఒకవైపు చేరడానికి 150 మిల్లీసెకన్లు దాటకపోవడం మంచిదని అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ సిఫార్సు.

ఐటీ సేవల నిర్వహణ పద్ధతులు నేర్పే ఐటిల్ ఫౌండేషన్ సర్టిఫికెట్ పనికొస్తుంది గానీ, ఇప్పుడే వేలు పోసి కోచింగ్‌లో చేర్చకండి. ఉద్యోగంలో కుదురుకున్నాక, కంపెనీ ఫీజు కడుతుందేమో అడిగి రాయొచ్చు. నైట్ షిఫ్టులు ఉంటాయేమో కూడా ఇప్పుడే కనుక్కోమనండి.